ఉరికంబం ముందు ఒకరు, సహపంక్తిలో ఒకరు

చావు ముంచుకొచ్చినప్పుడు ఎంతటి నాస్తికుడైనా దేవుణ్ణి తలుచుకోక తప్పదని చాలామంది నమ్మకం. సిపాయిల విషయంలో ఈ మాట మరీ గట్టిగా అంటారు. లాహోర్ సెంట్రల్ జైల్లో ఉన్న భగత్‌సింగ్‌తోనూ ఒక స్నేహితుడు అదే అన్నాడు: ఆఖరి రోజుల్లో నువ్వూ నమ్ముతావులే అని. పేరొచ్చాక తలకెక్కిన అహంకారమే ఈ నాస్తికత్వం అన్నవాళ్లూ ఉన్నారు. ఇరవై మూడేళ్ల ఆ యువకుడు 1930 అక్టోబరు 5, 6 తేదీల్లో ఇంగ్లీషులో రాసిన ‘నేను నాస్తికుణ్ణి ఎందుకయ్యాను’ ఈ మాటలకు జవాబు. 7వ తేదీన ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసింది. వ్యాసం లాహోర్ పత్రిక ‘ది పీపుల్’లో అచ్చయింది 1931 సెప్టెంబరు 27న. అప్పటికి అతన్ని ఉరితీసి ఆరు నెలలు దాటింది.

దీని పక్కన పెట్టుకుని చదవాల్సిన పుస్తకం గోరాది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావు రాసిన ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ 1951లో వచ్చింది. వేసినది గాంధీ నెలకొల్పిన నవజీవన్ సంస్థ, ముందుమాట రాసినది గాంధీ సహచరుడు కిశోర్‌లాల్ మశ్రువాలా. ఒక నాస్తికుడి మాట వినడానికి ఆస్తికులు ఇంత చోటివ్వడం ఆ కాలపు రాజకీయాల గొప్పతనమని నేననుకుంటాను.

భగత్‌సింగ్ వ్యాసంలో నన్ను పట్టుకునేది తర్కం కన్నా జ్ఞాపకం. తాత ఆర్యసమాజి. లాహోర్ డీఏవీ స్కూలు హాస్టల్లో ఉన్నప్పుడు పొద్దునా సాయంత్రమూ ప్రార్థనలు చాలక గంటలకొద్దీ గాయత్రి జపించేవాడట. విప్లవ దళంలో చేరగానే ఆ విశ్వాసం ఊడిపోలేదు. బకూనిన్‌నీ, మార్క్స్‌నీ, లెనిన్‌నీ చదువుకుంటూ 1926 చివరికి తేల్చుకున్నాడు. 1927 మేలో లాహోర్‌లో పట్టుకుని రైల్వే పోలీసుల లాకప్‌లో నెల రోజులు పెట్టారు. ఉరి తప్పదని బెదిరించిన పోలీసు అధికారులే రెండు పూటలా దేవుణ్ణి ప్రార్థించుకోమని బోధించారు. అంతా సవ్యంగా ఉన్న రోజుల్లోనే నేను నాస్తికుణ్ణా, కష్టంలోనూ నా మాట మీద నిలబడగలనా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. ప్రార్థించకూడదని నిశ్చయించుకున్నాడు, ప్రార్థించలేదు. వ్యాసానికంతటికీ ఆ లాకప్ ఘట్టమే ఆయువుపట్టు.

అతనున్న దళం తనను సైన్యమనే అనుకుంది. పోలీసు అధికారి సాండర్స్ హత్య తర్వాత 1928 డిసెంబరులో లాహోర్ గోడలకెక్కిన కాగితాల మీదా, 1929 ఏప్రిల్ 8న అసెంబ్లీలో వెదజల్లిన కరపత్రాల మీదా ‘బల్‌రాజ్’ అన్న మారుపేరుతో సేనాని సంతకం ఉంది. కానీ ఆ బాటలో ముందు నడిచిన పెద్దలు చాలావరకు భక్తులు. శచీంద్రనాథ్ సన్యాల్ దేవుణ్ణి గాఢంగా నమ్మినవాడు. రాంప్రసాద్ బిస్మిల్ నిష్ఠగల ఆర్యసమాజి. సోషలిజం చదివిన రాజేంద్ర లాహిరీ కూడా ఉపనిషత్తులూ గీతా వల్లించకుండా ఉండలేకపోయేవాడు. కాకోరీ రైలు దోపిడీ కేసులో ఉరికెక్కిన వీరులు చివరి రోజును ప్రార్థనలో గడిపారు. ఇదంతా భగత్‌సింగే చెప్తాడు, ఎక్కడా వాళ్లను చులకన చేయడు. విశ్వాసం మనిషికి కష్టాన్ని తేలిక చేస్తుందనీ, దానికి ఎదురుగా ఒంటరిగా నిలబడడం కష్టమనీ ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు వల్లే అతని మాటకు అంత బరువు.

సైన్యానికీ దైవనామానికీ ఉన్న ఈ బంధం స్వతంత్ర భారతంలోనూ తెగలేదు. రాజ్‌పుత్ రెజిమెంటు బజరంగబలి పేరు చెప్పుకుని దూకుతుంది, సిక్కు రెజిమెంటు ‘సత్ శ్రీ అకాల్’ అంటుంది. మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసిన మద్రాసు రెజిమెంటు నినాదంలో మాత్రం దేవుడి పేరు లేదు. వీరుణ్ణి పిలిచి కొట్టు, చంపు అంటుందంతే. ఆ నినాదంతో పోరాడిన సిపాయి ధైర్యం తక్కువైందని ఎవరూ అనలేరు.

భగత్‌సింగ్ వ్యాసం రెండో సగంలో వచ్చే వాదం అంత కొత్తది కాదు. దేవుడు సర్వశక్తుడైతే ఇంత దుఃఖమున్న లోకాన్ని ఎందుకు సృష్టించాడు, తప్పు చేయబోయేవాణ్ణి ముందే ఎందుకు ఆపడు వంటి ప్రశ్నలు చార్వాకుల దేశానికి పాతవే. అయితే అందులో రెండు చోట్ల నిప్పుంది. పూర్వజన్మ పాపమని చెప్పి, చర్మకారుల ఇంట్లోనో పాకీపనివాళ్ల ఇంట్లోనో పుట్టినవాడికి చదువు లేకుండా చేసి, ఆ చదువులేమినే నేరంగా చూపే న్యాయాన్ని అతను నిలదీస్తాడు. ఇంకోచోట, ఇంగ్లీషువాళ్లు మనల్ని ఏలుతున్నది దేవుడి సంకల్పం వల్ల కాదు, చేతిలో తుపాకులుండడం వల్ల, మనం తెగించకపోవడం వల్ల అని తేల్చి చెప్తాడు.

గోరా ఇక్కడే తడబడ్డారని నా అభిప్రాయం. 1944 చివర్లో సేవాగ్రామ్‌లో గాంధీని కలిసినప్పుడు, తాను దేవుడు లేనివాణ్ణి కాదు, నాస్తికుణ్ణి అంటారాయన. మొదటిది ఉత్త లేమి, రెండోది మనిషి తన కాళ్ల మీద నిలబడే పద్ధతి అన్నది ఆయన వివరణ. ఉదాహరణకు కలకత్తా కరువు చూపించారు: అంగళ్లలో తిండి ఉండగానే జనం పేవ్‌మెంట్ల మీద ఆకలితో చచ్చారు, అంతా దేవుడి రాత అనుకోబట్టే చెయ్యెత్తలేదు, కలిగినవాళ్లు పట్టించుకోకపోవడానికీ ఆ నమ్మకమే కారణం అని. కలిగినవాళ్ల విషయంలో ఆయన అన్నది కొంత నిజం. కానీ 1942లో బర్మా జపాన్ చేతికి పోయి బియ్యం ఆగిపోయింది. జపాన్‌కు చిక్కకూడదని సర్కారే తీర బెంగాల్‌లో పడవలు లాక్కుంది. యుద్ధకాలపు ధరలు కూలివాళ్లకు అందకుండా పోయాయి. పల్లె నుంచి ఈడ్చుకుంటూ కలకత్తా చేరినవాడికి అంగడి అద్దం పగలగొట్టే సత్తువ ఎక్కడిది? చచ్చినవాడి నమ్మకం మీద భారం వేస్తే, చంపిన విధానం పక్కకు తప్పుకుంటుంది. తుపాకి సంగతి చెప్పిన భగత్‌సింగ్ దగ్గర ఈ పొరపాటు లేదు.

వాదంలో వెనకబడ్డ గోరా ఆచరణకొచ్చేసరికి చాలా ముందున్నారు. నాస్తికుడన్న కారణంతో కాకినాడ కాలేజీలో వృక్షశాస్త్రం బోధించే ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుక్కి లవణం అనీ, మరో కొడుక్కి యుద్ధం అనే అర్థం వచ్చేలా సమరం అనీ పేర్లు పెట్టారు. భార్య సరస్వతి గర్భిణిగా ఉండి గ్రహణం వేళ బయట తిరిగారు. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు. పుస్తకంలో ఎక్కువ భాగం ఈ పనుల గురించే. అందులో దేవుడున్నాడా లేడా అన్న చర్చ చాలా తక్కువ. గాంధీ కూడా ఆ చర్చలోకి పెద్దగా దిగలేదు. నా ఆస్తికత సరైనదనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను అన్న అర్థంలో మాట్లాడారు.

రెండు రచనలకూ అసలు తేడా ఇక్కడుంది. భగత్‌సింగ్ వ్యాసంలో ఎదుటివాడికి గొంతు లేదు. స్నేహితుడి పేరూ లేదు, అతను నొచ్చుకున్నాడో మెత్తబడ్డాడో తెలియదు. జైలుగదిలో కూర్చుని రాసేవాడికి వేరే దారి లేదు కూడా. వచనంగా అది గొప్పది, చదివినవాణ్ణి కుదిపేస్తుంది. గోరా శైలి పొడిపొడిగా, రిపోర్టులా ఉంటుంది. మంచి మాటలన్నీ గాంధీకే వదిలేసినట్టుంటుంది. కానీ ఆ పేజీల్లో ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఒకరినొకరు కదిలించుకుంటారు. రాజకీయాల్లో విశ్వాసిని ఓడించడం కన్నా అతనితో కలిసి పనిచేయడమే కష్టం. అందుకే వచనంగా తక్కువైనా నేను గోరా పుస్తకం దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్తాను.

స్వతంత్రం వచ్చాక దేశమూ ఈ ప్రశ్న దగ్గర ఆగింది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. అది 41–68 ఓట్లతో వీగిపోయింది. దేవుణ్ణి నమ్మే సభ్యులు ఎందరో అందులో వద్దన్నారు. మంత్రులూ ఎంపీలూ దేవుడి పేరు మీదైనా, ఉత్త మాట మీదైనా ప్రమాణం చేసే వీలు రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉంది.

అంతకు ముందే అలాంటి సవరణ ఒకటి సేవాగ్రామ్‌లో జరిగింది. గోరా తన పెద్దమ్మాయి మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికి ఇచ్చి చేయాలనుకున్నారు. ఆ పెళ్లి తన ఆశ్రమంలోనే జరగాలన్నారు గాంధీ. నాస్తికుడి బిడ్డ దేవుడి సాక్షిగా ప్రమాణం చేయలేదు కాబట్టి ఆ మాట మార్చడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. మార్చిలో సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగింది. పెద్దరికం వహించాల్సిన మనిషి లేడు. ఆయన ఒప్పుకున్న మార్పు ప్రకారమే, దేవుడి పేరు ఉండాల్సిన చోట సత్యం పేరు చెప్పి ఆ ఇద్దరూ ప్రమాణం చేశారు.