మధ్యాహ్నాన్ని ఎండకు వదిలేయండి

ఏప్రిల్ దాటిందంటే ఫీనిక్స్‌లో ఉంటున్న మాకు డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, సియాటిల్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. పిల్లలకు సెలవులిచ్చేస్తారు. చేతిలో ఓ వారం ఉంటుంది. గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్, ఆర్చెస్ అన్నీ ఒక్క చుట్టులో అయిపోతాయా అని అందరూ అడుగుతారు. మ్యాప్ మీద అయిపోతాయి. లాస్ వేగస్‌లో దిగి కారు తీసుకుంటే జయాన్ 160 మైళ్లు, అక్కడి నుంచి బ్రైస్ 85, ఆపైన ఆర్చెస్ పక్కనున్న మోయాబ్ ఊరు, తిరుగుదారిలో గ్రాండ్ కాన్యన్, మళ్లీ వేగస్. మొత్తం వెయ్యి మైళ్లు దాటుతుంది. రోడ్లు బాగుంటాయి, దూరాలు నడపడానికి జంకేవాళ్లు మనలో తక్కువ.

అయినా ఆ చుట్టు వద్దనే చెబుతాను. మైళ్లు చూసుకుని వేసిన ప్లాన్ ఎడారిలో నిలవదు. అక్కడ లెక్కపెట్టుకోవాల్సింది గంటలను. జూన్‌లో గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దగ్గర ఐదుంబావు ప్రాంతంలోనే పొద్దు పొడుస్తుంది. పది నుంచి నాలుగు దాకా లోయలోకి దిగి నడవొద్దని రేంజర్లు ప్రతి వేసవీ హెచ్చరిస్తారు. అంటే నడకకు పొద్దున నాలుగైదు గంటలు, సాయంత్రం మూడు గంటలు మిగిలాయి. నేను ముందు ఈ గంటలను కాగితం మీద గీసుకుంటాను. చోట్లను ఆ తర్వాతే వాటిలో కూర్చుతాను. అలా కూర్చితే రోజుకు రెండు చోట్లకు మించి పట్టవు. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో వాళ్ల నడకను బట్టి దూరం వేయాలి. మోకాళ్ల నొప్పులున్న తల్లి, ఐదేళ్ల మనవడు ఉన్న కారుకు ఇరవై అయిదేళ్ల కుర్రాళ్లు తిరిగొచ్చిన ప్లాన్ పనికిరాదు.

ఎండ మాట ఎత్తగానే నాన్నలందరూ ఒకటే అంటారు: రెంటచింతల, రామగుండం చూసినవాళ్లకు ఎండ కొత్తా అని. ఆ మాటలో నిజముంది, ప్రమాదమూ ఉంది. కోస్తాలో మే నెల ఉక్కపోత మనిషిని తడిపి ముద్ద చేస్తుంది. ఒంట్లో నీళ్లు పోతున్నాయని చొక్కానే చెబుతుంది. యూటా, ఆరిజోనా గాలిలో తేమ ఉండదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది, మనిషికి హాయిగానే ఉంటుంది, దాహం కూడా గట్టిగా వేయదు. కాలరు మీద తెల్లటి ఉప్పు చార కనిపించేసరికి ఒంట్లో నీరు చాలా పోయి ఉంటుంది. అప్పుడు కంగారుపడి నీళ్లు మాత్రమే గటగటా తాగితే మరో చిక్కు: రక్తంలో సోడియం పడిపోయి తల తిరుగుడు, వాంతులు మొదలవుతాయి. అందుకే నీళ్లతోపాటు ఉప్పగా ఏదో ఒకటి తింటూ ఉండమని గ్రాండ్ కాన్యన్ రేంజర్లు చెబుతారు. వడదెబ్బకు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఇచ్చిన మన అమ్మమ్మలకు ఈ సంగతి ముందే తెలుసు. ఐస్ పెట్టెలో మజ్జిగ సీసాలు, పులిహోర పొట్లాలు, ఉప్పు వేసి వేయించిన పల్లీలు ఉంటే ఎడారిలో అంతకంటే మంచి తిండి లేదు. పార్కుల పక్కనున్న స్ప్రింగ్‌డేల్, ట్రాపిక్ లాంటి చిన్న ఊళ్లలో శాకాహారులకు దొరికేదీ తక్కువే.

మందుల సంగతి కూడా ముందే చూడాలి. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి. అవి వేసుకునేవాళ్లు బయలుదేరే ముందు డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలు కూడా వదలొద్దు.

తిరుమల మెట్లెక్కిన అలవాటు ఉన్నవాళ్లకు లోయ నడక గురించి ఒక మాట చెబుతాను. అలిపిరి దగ్గర ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతాం, పైకి వెళ్లేకొద్దీ చల్లగాలి తగులుతుంది, అలసిపోయాక దిగడమే మిగులుతుంది. గ్రాండ్ కాన్యన్‌లో ఇదంతా తలకిందులు. పొద్దున చల్లగా, సులువుగా దిగుతాం. కాళ్లు బరువెక్కాక, ఎండ ముదిరాక ఎక్కాలి. పైగా లోయ అడుగు అంచుకంటే సుమారు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ వేడిగా ఉంటుంది. అంచున జూలైలో పగటి వేడి 84 దగ్గర ఉంటే నది ఒడ్డున 105 దాటుతుంది. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోవాలి. బ్రైట్ ఏంజెల్ దారిలో పిల్లలు ఉత్సాహంగా కిందికి పరిగెడతారు, వాళ్ల వెనకే పెద్దలు కూడా. అరగంట దిగగానే వెనక్కి తిరగాలని పైనున్నప్పుడే మాట అనుకోవాలి. దిగాక తీసుకునే నిర్ణయాన్ని నమ్మొద్దు.

2024 జూలైలో కాన్యన్‌ల్యాండ్స్ పార్కులోని సింక్లైన్ దారిలో ఓ తండ్రి, ఆయన కూతురు దారి తప్పారు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. నూరు డిగ్రీలు దాటిన ఎండలో ఇద్దరూ చనిపోయారు. నడకలు తెలియని మనుషులే ఇలా పోతారని అనుకోవద్దు. నీడ లేని రాతి మీద మధ్యాహ్నం ఎవరినీ చూసి జాలి పడదు.

జూలై రెండో సగం, ఆగస్టు అయితే ఎండకు వాన కూడా తోడవుతుంది. నైరుతి అమెరికాకూ ఒక రుతుపవనం ఉంది. మధ్యాహ్నానికల్లా మబ్బు పట్టి కుండపోతగా కురుస్తుంది. రాతి నేల చుక్క పీల్చుకోదు, వచ్చిందంతా ఇరుకు లోయల్లోకే దూకుతుంది. 1997 ఆగస్టు 12న పేజ్ ఊరి దగ్గర లోయర్ ఆంటిలోప్ కాన్యన్‌లో పదకొండు మంది కొట్టుకుపోయారు. వాళ్లున్న చోట చెప్పుకోదగ్గ వాన లేదు, పైన మైళ్ల దూరంలో కురిసిన నీళ్లు వచ్చి పడ్డాయి. 2015 సెప్టెంబరులో జయాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు ఇలాగే పోయారు. జయాన్‌లో వర్జిన్ నదిలో మోకాలి లోతు నీళ్లలో నడిచే నారోస్ పిల్లలకు పండగే, కాదనను. అయితే ఆ రోజు ఆకస్మిక వరద సూచన ఏ స్థాయిలో ఉందో విజిటర్ సెంటర్‌లో చూసి, తెల్లవారుజామునే వెళ్లి, మబ్బు చేరకముందే బయటికి రావాలి. పైన ఆకాశం నీలంగా ఉందన్న ధైర్యం అక్కడ చెల్లదు.

ఇంతా విని భయపడి మానేయమని నా ఉద్దేశం కాదు. ఎత్తును వాడుకోవడం తెలిస్తే వేసవి ప్రయాణం ఎంతో బాగుంటుంది. జయాన్ లోయ అడుగు సుమారు 4,000 అడుగుల ఎత్తు, జూలైలో నూరు డిగ్రీలు మామూలు. బ్రైస్ అంచు 8,000 నుంచి 9,000 అడుగులు, అదే నెలలో 80 దగ్గర ఆగుతుంది, రాత్రి స్వెట్టర్ కావాలి. రెంటికీ మధ్య రెండు గంటల దారి. కాబట్టి జయాన్‌లో పొద్దున్నే మొదటి షటిల్ బస్సు ఎక్కి, రివర్‌సైడ్ వాక్‌లో నది పక్కన చదునైన దారిలో పెద్దవాళ్లతో నడిచి, పదిన్నరకల్లా కారెక్కాలి. మండే ఎండ వేళ ఏసీ కారులో, 1930లో కొండను తొలిచి పూర్తిచేసిన సొరంగం గుండా పైకెక్కుతూ గడిచిపోతుంది. సాయంత్రం చల్లబడేసరికి బ్రైస్‌లో సన్‌సెట్ పాయింట్ నుంచి సన్‌రైజ్ పాయింట్ దాకా అర మైలు చదును దారి మీద ఉంటారు. కింద వేలకొద్దీ ఎర్రటి రాతి స్తంభాలు. పగుళ్లలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, రాయిని కొంచెం కొంచెం విప్పుతూ వాటిని చెక్కింది. మధ్యాహ్నాలన్నీ ప్రయాణానికి, నిద్రకు, మ్యూజియానికి ఇవ్వండి. ఈ కిటుకు పట్టుబడితే మిగతా ప్లాన్ దానంతటదే అమరుతుంది.

సౌత్ రిమ్‌లో లోయలోకి దిగలేనివాళ్లకు ఏముంది అని అడుగుతారు. నాకు మటుకు అక్కడ అన్నిటికంటే ఇష్టమైన నడక అంచు మీదిదే. ట్రెయిల్ ఆఫ్ టైమ్ అని 2010లో తెరిచారు. చదునైన దారి, చక్రాల కుర్చీ పోతుంది. దారిలో ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లకు గుర్తు. లోయ గోడల్లోని రాళ్లను ఒక్కొక్కటిగా తెచ్చి, వాటి వయసున్న చోట వరుసగా నిలబెట్టారు. చేత్తో తాకొచ్చు. పై పొర కైబాబ్ సున్నపురాయికి 27 కోట్ల ఏళ్లు. నడుచుకుంటూ పోతే అడుగున ఉన్న నల్లటి రాయి వస్తుంది, 170 కోట్ల ఏళ్లు దాటినది. దాని పేరు విష్ణు షిస్ట్. పక్కనే బ్రహ్మ షిస్ట్, రామ షిస్ట్ అనే రాతి జాతులు. ఎదురుగా లోయలో లేచిన శిఖరాల్లో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, కృష్ణ ష్రైన్ ఉన్నాయి. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డట్టన్ ఇలా తూర్పు దేశాల దేవుళ్ల పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. మా అత్తయ్యగారు ఆ నల్లరాయి మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయారు. గండికోటలో పెన్నా చెక్కిన గోడలను చిన్నప్పటి నుంచి చూసిన మనిషి ఆవిడ. నది రాయిని కోస్తుందని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ అడిగింది ఒకటే, ఈ పేర్లకంటే ముందు ఇక్కడివాళ్లు ఈ లోయను ఏమని పిలిచేవారని. ఆ ప్రశ్న ప్రతి యాత్రికుడూ అడగాలి. హవాసుపాయ్ జనం ఈ లోయలో సాగు చేసుకుని బతికారు, పార్కు వచ్చాక వాళ్లను వెళ్లగొట్టారు. బ్రైట్ ఏంజెల్ దారిలో వాళ్ల పొలాలున్న చోటికి 2022లో హవాసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చారు. పిల్లలకు ఈ కథ కూడా చెప్పండి.

పిల్లల కోసం ప్రతి పార్కులోనూ జూనియర్ రేంజర్ పుస్తకం ఇస్తారు. అందులోని పనులు పూర్తి చేస్తే రేంజరు ప్రమాణం చేయించి బ్యాడ్జి పెడతాడు. మనవడు బొమ్మ గీస్తుంటే తాతగారు నీడన కూర్చుని సాయం చేయొచ్చు. మధ్యాహ్నం గడవడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు కనిపించలేదు.

డబ్బు లెక్క ఈమధ్య మారింది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని, పదహారేళ్లు నిండినవాళ్ల మీద గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ సహా 11 పార్కుల్లో మామూలు రుసుముకు పైన మనిషికి 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. 80 డాలర్ల వార్షిక పాస్ ఇక్కడి నివాసులకే, బయటివాళ్లకు అది 250. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులున్న కుటుంబాలు ఈ నిబంధనలను బయలుదేరే ముందే చదువుకోవాలి. వేగస్ నుంచి టూరు బస్సులు చాలావరకు తీసుకెళ్లే గాజు వంతెన, అదే స్కైవాక్, హువలపాయ్ తెగవారి భూమిలో ఉంది. అది జాతీయ పార్కు కాదు, ఈ పాస్ అక్కడ చెల్లదు. గడియారం సంగతీ చూసుకోండి. ఆరిజోనా వేసవిలో గంట ముందుకు జరపదు, యూటా జరుపుతుంది, ఆరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ కూడా జరుపుతుంది. నవాహో భూమిలోని ఆంటిలోప్ కాన్యన్‌కు గైడు లేకుండా వెళ్లనివ్వరు కాబట్టి టికెట్ మీది వేళ ఎక్కడి వేళో బుక్ చేసినప్పుడే అడగాలి. నార్త్ రిమ్ అనుకునేవాళ్లు అక్కడి పాత లాడ్జి 2025 జూలై కార్చిచ్చులో కాలిపోయిందని గుర్తుంచుకోవాలి.

పెద్దవాళ్లతో, పిల్లలతో జూన్‌లో వారం రోజులంటే జయాన్‌లో రెండు రాత్రులు, బ్రైస్‌లో రెండు, సౌత్ రిమ్‌లో రెండు. అంతకు మించి వద్దు. నీడ లేని ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ అక్టోబరులో చూడాల్సిన చోట్లు. సౌత్ రిమ్ లోపలి లాడ్జిల్లో గదులు 13 నెలల ముందే బుకింగ్‌కు తెరుస్తారు. అంచు పక్కనే పడుకుంటేనే ఐదింటి వెలుగు మీదవుతుంది. వచ్చే వేసవికి అమ్మానాన్నల విమాన టికెట్లు ఇంకా కొనకపోయినా, గదులు మాత్రం ఇప్పుడే పట్టుకోండి.