తెలుపుకూ గోధుమకూ నడుమ

తెరపై సముద్రం ముదురు నీలంగా ఉండాలా, సంధ్యవేళ కుంకుమలా మెరవాలా అన్నది జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల డీఐ గదుల్లో, అంటే చిత్రీకరించిన దృశ్యాల రంగులను కంప్యూటర్‌పై సరిదిద్దే చీకటి గదుల్లో తేలుతుంది. ఫిల్మ్‌నగర్‌లోని రామానాయుడు స్టూడియోకు విశాఖ కొండపై మరో స్టూడియో ఉంది. అక్కడినుంచి కనిపించే బంగాళాఖాతాన్ని పరిశోధన నౌకల్లోని రసాయనవేత్తలు కూడా రంగుతోనే చదువుతారు, కాకపోతే దాన్ని దిద్దే హక్కు వారికి లేదు.

జీవరాశి, నీరు, గాలి, అడుగు మట్టి మూలకాలను ఇచ్చిపుచ్చుకునే తీరును జీవభూరసాయన ప్రక్రియ అంటారు. దాన్ని తెలుసుకోవడానికి, జర్మనీలో తయారై 1983లో మన దేశానికి దక్కిన సాగర్ కన్య వంటి నౌకలు ‘స్టేషన్’ వద్ద, అంటే ముందే గుర్తుపెట్టుకున్న చోట ఆగుతాయి. గుండ్రటి చట్రానికి బిగించిన పొడవాటి సీసాలు నోళ్లు తెరుచుకుని కిందికి దిగి, పైకి వచ్చే దారిలో కోరిన లోతుల్లో ఒక్కొక్కటిగా మూసుకుంటాయి. చట్రం డెక్కు మీదికి చేరగానే, గాలి తగిలితే లెక్క తప్పుతుంది కాబట్టి, మొదటి వంతు ఆక్సిజన్ పరీక్షదే. రబ్బరు గొట్టాన్ని చిన్న గాజుసీసా అడుగంటా దించి, నీరు పొర్లిపోయేదాకా నింపి, మాంగనీసు లవణాన్నీ క్షారంలో కలిపిన అయోడైడునూ వేసి, బుడగ చిక్కకుండా బిరడా పెడతారు. హంగరీకి చెందిన వింక్లర్ 1888లో ప్రకటించిన ఈ పద్ధతిలో ఆక్సిజన్ ఉంటే మడ్డి గోధుమరంగుకు తిరుగుతుంది, లేకుంటే పాలవిరుగులా తెల్లగానే ఉంటుంది.

బంగాళాఖాతం విషయంలో ఆ తెలుపుకూ గోధుమకూ నడుమే చిక్కంతా ఉంది. గంగ, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీరు ఉప్పునీటిపై మూతలా పరుచుకోవడంతో పైనున్న ఆక్సిజన్ లోతుకు సరిగా దిగదు. ఆక్సిజన్ పూర్తిగా హరించుకుపోతే సూక్ష్మజీవులు నైట్రేటుతో ఊపిరి తీసుకుని, సముద్రానికి ఎరువైన నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి; అరేబియా సముద్రంలో ఇది భారీగా జరుగుతోంది. బంగాళాఖాతం ఆ గట్టున నిలిచి కూడా పెద్దగా జారలేదు. వింక్లర్ పద్ధతికి అందనంత సూక్ష్మమైన కొలతలను నీటిలోకి దించిన సెన్సార్లతో తీసి, 2017లో ప్రచురించిన అధ్యయనం అక్కడి లోతుల్లో లీటరుకు 10 నుంచి 200 నానోమోల్స్ ఆక్సిజన్ మిగిలి ఉందని తేల్చింది. ఉపరితలంలో ఉన్నదానిలో అది సుమారు వెయ్యోవంతుకు మించదు. ఆ పిసరే నత్రజనిని కాపాడుతోంది.

ఇంతటి నిర్ణయాలకు ఆధారం నడిరాత్రి ఊగే డెక్కుపై సీసాలు నింపే, సెన్సార్లు దించే వారి చేతులే. సినిమా చివర లైట్‌మన్ పేరుకూ చోటుంటుంది; పరిశోధన పత్రాల్లో మాత్రం వారికి చాలాసార్లు నౌక సిబ్బందికి కృతజ్ఞతలనే ఒక్క వాక్యమే దక్కుతోంది. అక్కడా పేర్లు వేయాలి.