ఎదుటివాడి పక్షం ముందు

పల్నాడంటే లోకానికి కోడిపందెం, నాగులేరు, కత్తులు. రెంటచింతలంటే ఎండ. ఈ సీమ దేశానికిచ్చిన అసలు ఆయుధం మాత్రం వాదం! మాచర్ల దాటి కృష్ణ ఒడ్డుకు వెళితే ఇక్ష్వాకుల విజయపురి, దాని పక్కన శ్రీపర్వతం. ఆచార్య నాగార్జునుడు ఉన్నది అక్కడేనని తరతరాల మాట. మాకు ఆ మాట చాలు.

ఆయన పనితనం తెలియాలంటే ‘మూలమధ్యమకకారిక’ రెండో ప్రకరణం చూడాలి. దాన్ని మన దారి మీద పెట్టి చూద్దాం. రెంటచింతలలో రైలెక్కి మాచర్ల వెళ్తున్నాం. దాటిన దారిలో ప్రయాణం లేదు, అయిపోయింది. దాటని దారిలోనూ లేదు, ఇంకా మొదలవలేదు. ఈ రెండూ పోగా ‘దాటుతున్న దారి’ ఏదో చూపించమంటాడు ఆచార్యుడు. ప్రయాణం వేరు, ప్రయాణికుడు వేరు అంటారా? అయితే ప్రయాణం లేని ప్రయాణికుణ్ణి చూపించండి. రెండూ ఒకటేనంటారా? పనీ, చేసేవాడూ కలిసిపోయారు. మన మాటలతోనే మనల్ని కట్టిపడేసే ఈ పద్ధతే ప్రసంగం. అలాగని రైలు కదలదని ఆయన అనలేదు. ఏదీ తనంతట తానుగా లేదు, మిగతావాటి ఆసరాతోనే ఉంది అన్నాడు. శూన్యత అంటే అదీ! వేదికలెక్కి ‘శూన్యమంటే ఏమీ లేకపోవడమే’ అని తేల్చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక ఆయన మరో గ్రంథం ‘విగ్రహవ్యావర్తని’. అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే కదా, అది నా మాటనెలా కొట్టేస్తుంది? తన పీకల మీదికొచ్చే ఈ ప్రశ్నను ఆయనే ముందు పెట్టాడు. ప్రత్యర్థి చెప్పాల్సిందంతా చెప్పించి, ఆ తర్వాతే నోరు విప్పాడు. ఎంత గుండె దిటవు!

శిష్యుణ్ణి తయారుచేసిన తీరు ఇంకా గొప్పది. సింహళం నుంచి ఆర్యదేవుడు వస్తే గురువు నిండా నీళ్ళున్న పాత్ర పంపాడట. వచ్చినవాడు మాట్లాడకుండా, అడుగుదాకా చూస్తానన్నట్టు, అందులో సూది వేశాడట. పాటలీపుత్రంలో వాదానికి పంపేముందు గురువే పరపక్షం పట్టాడట. ఏడు రోజులు వాదించి శిష్యుడి చేతిలో ఓడాడట. ఇవి చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాసిపెట్టిన ముచ్చట్లు. తత్త్వం ఒంటబట్టేది ఇలాగే. గురువు మాట తలకెక్కించుకున్నవాడు భక్తుడవుతాడు. గురువునే నిలదీసి నిలబడ్డవాడు తాత్త్వికుడవుతాడు.

1926లో విజయపురి ఉన్న లోయలో శిథిలాలు బయటపడ్డాయి. 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ఆపైన సాగర్ నీళ్ళు కమ్మేశాయి. అపరమహావినసేలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ భిక్షువులు ఒకే లోయలో బతికారని శాసనాలు చెబుతున్నాయి. ఒకరి మాట ఒకరికి గిట్టని ఇన్ని బౌద్ధ శాఖలకు ఒక్క ఊరు చోటిచ్చింది!

మరి మనం? లాంచీ ఎక్కి సాగర్ నీళ్ళ మధ్య మిగిలిన కొండకు వెళ్ళి, ఫొటోలు దిగి వస్తున్నాం. ఫోన్లో అర నిమిషం సూక్తి విని తత్త్వం తెలిసిందనుకుంటున్నాం. టీవీలో అరుపులకు చర్చ అని పేరు పెట్టాం. ఎదుటివాడు ఏమన్నాడో తిరిగి చెప్పలేనివాడు వాదిస్తున్నాడంటే, అది నాగార్జునుడి గడ్డకు తలవంపులు.

పల్నాటి బడిపంతుళ్ళకు నా మనవి ఒక్కటే. వక్తృత్వ పోటీల్లో బట్టీ ఉపన్యాసాలు మాన్పించండి. అవతలి పక్షాన్ని, అవతలివాడే ‘అవును, నా మాట ఇదే’ అని ఒప్పుకునేలా చెప్పిన పిల్లకే ఖండించే హక్కు ఇవ్వండి. ఏడాదికోసారి ఆ పిల్లల్ని అనుపుకు తీసుకెళ్ళి, మునిగిన లోయ నుంచి అక్కడికి తరలించి నిలిపిన రంగస్థలం మెట్ల మీద వాదం పెట్టించండి. ఓడినవాడికీ బహుమతి ఇవ్వండి. ఈ విద్యలో ఓడినవాడే ఎక్కువ నేర్చుకుంటాడు.