నీళ్ళు నడిపే బట్టీ

గ్రెనడాకు సెలవులకు వెళ్ళినవాళ్ళు చాలావరకు నైరుతి మూలనున్న గ్రాండ్ ఆన్స్ బీచ్ దాటి కదలరు. తెల్లటి ఇసుక, దగ్గర్లోనే రాజధాని సెయింట్ జార్జెస్, చేతికందే దూరంలో చల్లటి బీరు. ఇక కదలడమెందుకు అనిపిస్తుంది. అయినా ఒక పూట తీరిక చేసుకుని, కొండదారుల వెంట జాజికాయ చెట్లు చూసుకుంటూ దీవి ఈశాన్య అంచుకు వెళితే, సెయింట్ పాట్రిక్ పారిష్‌లో రివర్ ఆంట్వాన్ అనే చిన్న రమ్ము బట్టీ కనిపిస్తుంది. 1785లో మొదలైంది, ఇవాళ్టికీ పొయ్యి ఆరలేదు. నీటి చక్రంతో నడుస్తున్న బట్టీల్లో కరీబియన్ మొత్తానికి ఇదే పాతదని చెబుతారు.

పాతవి లోకంలో చాలా ఉన్నాయి. ఇక్కడ కళ్ళప్పగించి చూడవలసింది పని అమరికను. ఒక చోట మిగిలిపోయింది ఇంకో చోట సరుకవుతుంది. ఒకరి చేతి వేగాన్ని మించి ఇంకొకరి చెయ్యి పరుగెత్తదు. ఆ లెక్క ఎంత పకడ్బందీగా కుదిరిందో తెలియాలంటే చెరకు గడ వెంట మనమూ నడవాలి.

ముందు చక్రం. ఇనుప చక్రం, 1840 నాటిది. ఇంగ్లండులో పోతపోసి ఓడ మీద తెచ్చారు. నది నీటిని కాలువలోకి మళ్ళించి దాని మీదికి వదులుతారు. చక్రం నింపాదిగా తిరుగుతుంది, కానీ ఆ నిదానం వెనక ఉన్న బలం పళ్ళచక్రాల మీదుగా గానుగ రోలర్లకు చేరేసరికి లావుపాటి గడలు పటపటమంటూ నలిగిపోతాయి. గానుగకు గడ అందించే మనిషి పని చూడటానికి తేలికగానే ఉంటుంది. కాసేపు నిలబడి చూస్తే అందులోని నేర్పు తెలుస్తుంది. ఒకేసారి ఎక్కువ తోస్తే రోలర్లు పట్టేస్తాయి, తక్కువ పెడితే పారే నీళ్ళ బలం వృథా. చక్రం చప్పుడు కాస్త బరువెక్కగానే అతని చెయ్యి తగ్గుతుంది. కొలిచి చెప్పే మీటరంటూ ఏదీ లేదు, చెవే ఆధారం. ఒకసారి నలిగిన పిప్పిలో ఇంకా రసం ఉంటుంది కాబట్టి దాన్ని మళ్ళీ గానుగకు పెడతారు. వానలు వెనకబడి నదిలో నీళ్ళు తగ్గితే చక్రం ఆగుతుంది, దాంతో చెరకు ఆడటమూ ఆగుతుంది.

రసం పిండేసిన పిప్పిని ఆరుబయట పరుస్తారు. ఎండలో గలగలలాడేదాకా ఆరాక అదే పొయ్యిలోకి పోతుంది. రసం కాచడానికి వేరే వంటచెరకు అక్కర్లేదు. ఏ గడ నుంచి రసం వచ్చిందో ఆ గడ పిప్పే ఆ రసాన్ని మరిగిస్తుంది.

కాచే చోటు చూస్తే మన అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్ళకు చుట్టరికం తగులుతుంది. పొయ్యిలో పిప్పి మంట, పైన మరిగే పానకం, పొగా తీపీ కలిసిన వాసన, అన్నీ ఎరిగినవే. తేడా ఏమిటంటే మన దగ్గర ఒకే పెద్ద పెనంలో పాకం వచ్చేదాకా తిప్పుతారు. ఇక్కడ లోతైన కాగులు వరసగా కట్టి ఉంటాయి, ఒకదాన్ని మించి ఇంకొకటి వేడిగా. చల్లని చివర పోసిన రసాన్ని పొడవాటి కర్రకు బిగించిన గరిటెలతో ఒక కాగులోంచి పక్క కాగులోకి తోడిపోస్తూ మంట వైపు జరుపుతారు. మరుగుతున్న రసం ఒంటి మీద పడకుండా, నేలపాలు కాకుండా, గరిటె ముంచడం, ఎత్తడం, వొంచడం మూడూ ఒకే ఊపులో సాగాలి. నీరు ఇగిరి తీపి చిక్కబడుతుంది, కానీ పాకం దాకా పోనివ్వకూడదు. ముందే దించితే తీపి చాలక సారం పలచబడుతుంది, ఆలస్యమైతే మాడు రుచి పడుతుంది. ఎప్పుడు చాలో బుడగల తీరు చూసి పనివాడు తేలుస్తాడు.

తర్వాత దశలో మనుషుల పని దాదాపు ఉండదు. చల్లారిన రసాన్ని మూతల్లేని సిమెంటు తొట్లలోకి వదులుతారు. కొనుక్కొచ్చిన ఈస్ట్ వెయ్యరు. కాచినప్పుడు రసంలోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి కాబట్టి పులియబెట్టే పని మళ్ళీ మొదటి నుంచి గాలిలోనూ తొట్టి గోడల్లోనూ ఉన్న ఈస్ట్ అందుకోవాలి. అందుకే తొందర కుదరదు, దాదాపు వారం పడుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఎంపిక చేసిన ఈస్ట్‌తో ఒకటి రెండు రోజుల్లో ముగిసే పని ఇది. ఆ అదనపు రోజుల్లోనే పులుపు వాసనలు, పండిన పళ్ళ వాసనలు పుట్టుకొస్తాయి. రమ్ము రుచిలో సగం ఇక్కడే తయారవుతుంది. తొట్టి మీద నురగ లేచి, బుడగలు జోరందుకుని, మెల్లగా సద్దుమణిగితే బట్టీ పెట్టే వేళయినట్టు.

బట్టీ కింద మంట కట్టెలది. రాగి పాత్రలో కాగిన ఆవిరి నేరుగా చల్లబడదు, దారిలో రిటార్టులనే రెండు పాత్రలు దాటాలి. వాటిలో ముందటి విడతల్లో వచ్చిన తక్కువ ఘాటు ద్రవం పోసి ఉంటుంది. వేడి ఆవిరి అందులో బుడబుడమంటూ పోయేటప్పుడు అక్కడున్న ఆల్కహాలును కూడా వెంటేసుకుని పైకి లేస్తుంది. అంటే ఒక్క కాపుకే రెండు మూడుసార్లు బట్టీ పట్టినంత ఘాటు వస్తుంది. కిందటి విడతలో పనికిరాదని పక్కన పెట్టింది ఈ విడతకు బలమవుతోందన్నమాట. మంట పెరిగితే సరుకు పొంగి గొట్టాల్లోకి ఎక్కుతుంది, తగ్గితే ఆవిరి సాగదు. కట్టె ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో తెలిసిన మనిషే ఇక్కడ పెద్ద మేస్త్రీ.

చివర పరీక్ష ఉంటుంది. గాజు కొలబద్దను రమ్ములో వదులుతారు. కావలసిన ఘాటు 75 శాతం. అది అందకపోతే సీసాలోకి పోదు, మళ్ళీ బట్టీకే. అందినదాన్ని పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉంచరు, రంగు కలపరు, నీళ్ళలా తేటగా ఉన్నదాన్ని చేత్తోనే సీసాలకు పడతారు. చెక్క పీపా రమ్ములోని మొరటుదనాన్ని నునుపు చేస్తుంది, చిన్న లోపాలను కప్పేస్తుంది కూడా. ఇక్కడ ఆ ముసుగు లేదు. గానుగ దగ్గరైనా కాగు దగ్గరైనా తొట్టిలోనైనా పని చెడితే నాలుక మీద వెంటనే తేలిపోతుంది. దీవిలో అందరూ ‘రివర్స్’ అని పిలిచే ఈ రమ్మును చుక్క రుచి చూసి పక్కనే గ్లాసుడు నీళ్ళు పెట్టుకోవడం మంచిది. మొదట మంట, ఆ వెనకే పచ్చి చెరకు వాసన.

ఈ అమరిక వెనకున్న చెమటను మరిచిపోయి మెచ్చుకుంటే అది సగం మెప్పే. ఫ్రెంచివాళ్ళ నుంచి గ్రెనడా మళ్ళీ బ్రిటన్ చేతికొచ్చిన రెండేళ్ళకు ఈ బట్టీ మొదలైంది. వరస కాగుల పద్ధతి కరీబియన్‌లో నిలదొక్కుకున్నది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల చేతుల మీద. వాళ్ళకు పూర్తి విముక్తి 1838లో గానీ రాలేదు. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి భారతీయ కూలీలను ఈ దీవిలోని తోటల పనికి దించింది. ఇప్పుడు గరిటె పట్టేది జీతానికి పని చేసే స్థానికులు, కానీ పని వేడి అప్పటిదే.

కరెంటు మోటారు పెట్టుకోవచ్చు కదా అని చూసినవాళ్ళకు తోచకమానదు. పెడితే గానుగ వేగం పెరుగుతుంది, కానీ అంత రసం కాచడానికి కాగులు చాలవు. కాగులు పెంచితే ఎండలో ఆరే పిప్పి చాలదు. వారం రోజులు కదలని తొట్లు దారికి అడ్డం పడతాయి, తొట్ల పనిని తొందరపెడితే రుచి పోతుంది. ఒక్క పనిముట్టు మార్చాలంటే బట్టీ మొత్తం మార్చాలి. చేసిన సరుకు చాలావరకు దీవిలోనే చెల్లిపోతున్నప్పుడు ఆ అవసరం ఎవరికుంది? బయటి లోకం కోసం వీళ్ళు చేసిన సర్దుబాటు ఒకటుంది. 70 శాతం దాటిన మద్యాన్ని విమానం ఎక్కనివ్వరు కాబట్టి, ఇంటికి తీసుకెళ్ళే యాత్రికుల కోసం 69 శాతం సీసా విడిగా పడతారు. చక్రం జోలికి, కాగుల జోలికి, తొట్ల జోలికి పోకుండా ఆ ఆరు శాతం దగ్గర మాత్రం రాజీ పడ్డారు.