కొలువుదీరే కట్టడాలు

ప్రసిద్ధ కట్టడాల ఇటుక నమూనాలను సేకరించడమంటే ప్లాస్టిక్ ముక్కల పెట్టె కొని, అందులోని పుస్తకం చూసుకుంటూ ఈఫిల్ టవర్‌నో తాజ్‌మహల్‌నో సొంత చేతులతో కట్టి ఇంట్లో నిలబెట్టుకోవడం. తపాలా బిళ్లలు, నాణేలు సేకరించేవారికి వస్తువు తయారై వస్తుంది. ఇక్కడ పునాది నుంచి శిఖరం దాకా ప్రతి ముక్కా సేకరించేవారి వేళ్ల మధ్య నుంచే వెళ్లాలి. ఏ గోడ దేని మీద ఆనుకుందో, ఏ గుమ్మటం బరువు ఎటు దిగుతుందో చదివితే తెలిసేదానికన్నా కడితే బాగా తెలుస్తుంది. ఈ అభిరుచికి ఉన్న అసలు విలువ అదే.

దీనికి ఆధారం డెన్మార్క్‌లోని లెగో ఇటుక. బిల్లుండ్ ఊళ్లో వడ్రంగి పని చేసే ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో ఈ సంస్థను ప్రారంభించాడు. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉండి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఇప్పటి ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పడింది. 1963 నుంచి దాన్ని ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. ఒక బుడిపె నుంచి పక్క బుడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పలుచని బిళ్ల ఎత్తు అందులో మూడో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు. ఈ కొలతలు మారకపోవడం వల్లే 1958 నాటి ఇటుక ఇవాళ్టి ఇటుకకు అతుక్కుంటుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఉంటే చాలు. వాటిని 91,51,03,765 రకాలుగా కూర్చవచ్చని లెక్క.

ప్రసిద్ధ కట్టడాలకు ప్రత్యేకంగా ఒక వరుస 2008లో మొదలైంది. షికాగో ఆర్కిటెక్ట్ ఆడమ్ రీడ్ టక్కర్ లెగో ఇటుకలతో ఆకాశహర్మ్యాల నమూనాలు కట్టేవాడు. ఆయన రూపకల్పనతో ఆ నగరానికే చెందిన సియర్స్ టవర్, జాన్ హాంకాక్ సెంటర్ మొదటి సెట్లుగా వచ్చాయి. 2009లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ జలపాతం మీద కట్టిన ఇల్లు, 2012లో లే కార్బూజియే విల్లా సవోయ్ వచ్చాయి. చండీగఢ్‌కు ప్రణాళిక గీసింది కూడా ఈ కార్బూజియేనే. క్రమంగా సెట్లు పెద్దవయ్యాయి. 2020 నాటి రోమ్ కొలోసియంలో 9,036 ముక్కలున్నాయి. 2022 నాటి ఈఫిల్ టవర్‌లో 10,001 ముక్కలున్నాయి. దాని ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు. భారతదేశం నుంచి లెగో ఎంచుకున్న కట్టడం తాజ్‌మహల్. 2008లో 5,922 ముక్కలతో, 2017లో ఒక్క ముక్క ఎక్కువగా 5,923తో, 2021లో 2,022 ముక్కల చిన్న రూపంలో అది వచ్చింది.

ముక్కల సంఖ్యను బట్టి నమూనా గొప్పదనాన్ని అంచనా వేయకూడదు. 2011లో వచ్చిన బుర్జ్ ఖలీఫా సెట్‌లో ఉన్నవి 208 ముక్కలే. అయినా మూడు రెక్కలుగా లేచి, మెట్లు మెట్లుగా సన్నబడుతూ పైకిపోయే ఆ భవనాన్ని ఎవరైనా గుర్తుపడతారు. నమూనా కట్టేవాడి నేర్పంతా ఏది వదిలేయాలో తెలియడంలో ఉంటుంది. కిటికీలు పోయినా, చెక్కడాలు పోయినా, కట్టడాన్ని ఆ కట్టడంగా నిలిపే నిష్పత్తి పోకూడదు.

కట్టడాన్ని చిన్నది చేసి చూపడం తెలుగునేలకు కొత్త విద్య కాదు. అమరావతి మహాస్తూపం చుట్టూ నిలబెట్టిన సున్నపురాతి ఫలకాల మీద శిల్పులు స్తూపాన్నే చెక్కారు. అండం అనే గుమ్మటం, ప్రాకారం, ద్వారాల దగ్గర సింహాలు, ఒక్కో దిక్కున ఐదేసి ఆయక స్తంభాలు ఆ చిన్న ఫలకంలో ఇమిడిపోయాయి. తర్వాతి కాలంలో స్తూపం శిథిలమైంది. రాళ్లను ఊరివాళ్లు ఇళ్లకు తీసుకుపోయారు, కొన్నింటిని సున్నానికి కాల్చేశారు. నిలబడి ఉన్నప్పుడు అది ఎలా ఉండేదో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ముఖ్యంగా ఆ ఫలకాల వల్లే. వాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. విజయవాడ నుంచి గూడూరు మీదుగా చెన్నై వెళ్లే రైలు మార్గంలోనే నెల్లూరు సీమలోని మనుబోలు ఉంది కాబట్టి, ఈ ప్రాంతంవాళ్లకు అమరావతి శిల్పం ఉదయం వెళ్లి సాయంత్రానికి చూసి రాగలిగినంత దగ్గర.

రెండో ఉదాహరణ నాగార్జునకొండ. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 వరకు అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల కాలపు విహారాలు, చైత్యాలు బయటపడ్డాయి. ముఖ్యమైన కొన్నింటిని ఇటుక ఇటుకా విప్పి, కొండ మీద తిరిగి కట్టారు. మరికొన్నింటి ప్రతిరూపాలను ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. మునిగిన లోయ రూపం మ్యూజియంలో చిన్న నమూనాగా మిగిలింది. అసలు కట్టడానికి ముప్పు వచ్చినప్పుడు నమూనా జ్ఞాపకాన్ని కాపాడుతుందని ఈ రెండు చోట్లా రుజువైంది.

ఇంట్లో నమూనాలు పేర్చే అలవాటు బొమ్మల కొలువుగా మనకు ఎప్పటినుంచో ఉంది. మనుబోలు చుట్టుపక్కల నెల్లూరు సీమలో సంక్రాంతికో దసరాకో కొలువు పెట్టే ఇళ్లున్నాయి. మూడో ఐదో ఏడో మెట్లు అమర్చి, తెల్లటి గుడ్డ పరిచి, పై మెట్టు మీద దేవుళ్లు, కింద పెళ్లితంతు, కిరాణా కొట్టు, గుడి, కోనేరు పేరుస్తారు. ఏటా ఒక కొత్త బొమ్మయినా చేర్చాలన్నది చాలా ఇళ్లలో నియమం. అమ్మమ్మ నాటి బొమ్మ, పోయినేటి బొమ్మ ఒకే మెట్టు మీద నిలుస్తాయి. కట్టడాల సేకరణకు కావలసిన క్రమశిక్షణ అంతా ఇందులో ఉంది: వరుస, వరుసకో అర్థం, ఏటా ఒకటి, పండగయ్యాక జాగ్రత్తగా మూటకట్టి దాచడం, వచ్చినవాళ్లకు కథ చెప్పడం.

సేకరణకు ఒక సూత్రం ఉండాలి. దొరికిందల్లా కొంటే అల్మరా నిండుతుంది తప్ప జ్ఞానం పెరగదు. కాలక్రమంలో పేర్చడం ఒక పద్ధతి. దేశాల వారీగా పేర్చడం మరొకటి. అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది కట్టిన తీరును బట్టి పేర్చడం. కొలోసియంలో బరువు మోసేది కమాను, తాజ్‌లో గుమ్మటం, ఈఫిల్ టవర్‌లో ఇనుప అల్లిక, విల్లా సవోయ్‌లో సన్నని కాంక్రీటు స్తంభం. ఈ నాలుగూ ఒక మెట్టు మీద ఉంటే, పైనున్న బరువును నేలకు దింపడానికి మనిషి వెతికిన దారులు పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతాయి.

అంగట్లో దొరకని కట్టడాన్ని సొంతంగా రూపొందించడం ఈ అభిరుచిలో పై మెట్టు. 1591 నాటి చార్మినార్‌ను తీసుకుంటే లెక్క ఇలా సాగుతుంది. అసలులో 250వ వంతు కొలత ఎంచుకుంటే ఒక బుడిపె 2 మీటర్లకు, ఒక బిళ్ల మందం 80 సెంటీమీటర్లకు సమానం. చార్మినార్ ఒక్కో భుజం సుమారు 20 మీటర్లు, అంటే సరిగ్గా 10 బుడిపెలు. మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు, అంటే 70 బిళ్లల ఎత్తు; 23 ఇటుకలు పేర్చి పైన ఒక బిళ్ల వేస్తే సరిపోతుంది. నమూనా ఎత్తు 22 సెంటీమీటర్లు దాటుతుంది. చిక్కు కమాను దగ్గర వస్తుంది. దాని వెడల్పు సుమారు 11 మీటర్లు, అంటే ఐదున్నర బుడిపెలు. ఆరు చేస్తే పక్క గోడలు పలచబడి మినార్లు బలహీనంగా కనిపిస్తాయి. ఐదు చేస్తే అటూ ఇటూ రెండున్నరేసి మిగులుతాయి. అప్పుడు నడిమధ్యన ఒక్క బుడిపె మాత్రమే ఉండే బిళ్ల వాడి వరుసను అర బుడిపె పక్కకు జరపాలి. ఈ చిన్న సర్దుబాటుకు ఒక సాయంత్రం పట్టవచ్చు. కానీ ఆ సాయంత్రం గడిచాక చార్మినార్ అందం మినార్ల ఎత్తులో ఎంత ఉందో, కమాను కింది ఖాళీలో ఎంత ఉందో మరిచిపోవడం కష్టం. ముక్కలు కొనేముందు బ్రిక్‌లింక్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కట్టి చూసుకుంటే డబ్బు వృథా కాదు.

ఇటుకల్లో కట్టడానికి ఇంకా అనువైనది గాలిగోపురం. నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాథస్వామి ఆలయానికి ఉన్నది మనుబోలువాళ్లకు దగ్గరి ఉదాహరణ. దక్షిణాది గోపురాల్లో సాధారణంగా కింది అంతస్తు రాయి, పైవన్నీ ఇటుక, సున్నం. పైకి పోయేకొద్దీ బరువు తగ్గాలన్నదే అందుకు కారణం. రామప్ప ఆలయ శిఖరంలో కాకతీయ శిల్పులు నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడిందీ అందుకే. 1213 నాటి ఆ ఆలయం 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నమూనాలో ఒక్కో అంతస్తును అటొక బుడిపె, ఇటొక బుడిపె లోపలికి తగ్గిస్తూ పోతే గోపురం వాలు దానంతటదే వస్తుంది.

కట్టినదాన్ని కాపాడుకోవడం వేరే పని. మనుబోలు లాంటి తీరప్రాంతంలో ఎండ, ఉక్క, దుమ్ము మూడూ ఉన్నాయి. ఏబీఎస్‌కు తుప్పు పట్టదు, చెద పట్టదు. కానీ నేరుగా ఎండ తగిలితే తెల్ల ముక్కలు పసుపెక్కుతాయి. అందుకే తాజ్‌మహల్‌ను కిటికీ పక్కన పెట్టకూడదు. దుమ్ముకు మెత్తటి కుంచె వాడాలి. కడగాల్సి వస్తే గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. మరీ వేడి నీళ్లు పోస్తే ముక్కలు వంకర పోతాయి. అసలు ప్రమాదం అట్టపెట్టెకు, పుస్తకానికి. వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది, నేల మీద ఉంచితే చెదలు తింటాయి. వాటిని నేలకు ఎత్తుగా, మూత గట్టిగా పడే డబ్బాలో దాచాలి. నమూనాను విప్పేటప్పుడు సంచికి పేరు రాసి పెట్టుకుంటే మళ్లీ కట్టుకోవచ్చు.

ధర ఈ అభిరుచికి పెద్ద అడ్డంకి. పెద్ద సెట్టు ఒక కుటుంబం నెల ఖర్చును మించిపోతుంది. తయారీ ఆగిన సెట్లకు ధర పెరుగుతుందని పెట్టుబడిగా కొనేవారూ ఉన్నారు. ఆగిపోయిన తాజ్‌మహల్ 2017లో దాదాపు అదే రూపంలో మళ్లీ రావడం అలాంటివారికి గుణపాఠం. పెట్టె విప్పకుండా దాచినవాడికి అందులోని కట్టడం గురించి ఏమీ తెలియదు. మొదలుపెట్టేవారికి ఒక చిన్న సెట్టు, కొన్ని విడి ఇటుకలు చాలు. బడిలో పిల్లలు నలుగురు కలిసి ఊళ్లోని గుడినో రైల్వే స్టేషన్‌నో టేపుతో కొలిచి, లెక్క కట్టి, ఇటుకల్లో నిలబెడితే నిష్పత్తి పాఠం, చరిత్ర పాఠం ఒకేసారి పూర్తవుతాయి. ప్రపంచ కట్టడాల పక్కన తమ ఊరి కట్టడం చేరినప్పుడే ఈ సేకరణ నిండుగా ఉంటుంది.