పది రూపాయల చదివింపు

రాయచోటిలో సినిమా తప్ప చూడ్డానికేముంది అనే కుర్రాళ్లను ఒకసారి వేంపల్లె బస్సు ఎక్కమంటాను. ఆ దారిలోనే చక్రాయపేట మండలం. అక్కడి సురభిరెడ్డివారిపల్లెలో 1885లో కీచకవధ ఆడారు. సురభి నాటక సమాజం పుట్టింది ఆ ఆటతోనే. అంతవరకూ వాళ్లు తోలుబొమ్మలాడించుకుని బతికిన మరాఠీ కుటుంబాలవాళ్లు. తెర వెనక నుంచి బొమ్మ కోసం పద్యం పాడినవాళ్లే ముఖానికి రంగేసుకుని తెర ముందుకొచ్చారు. ఆడవేషం మగవాళ్లే కట్టే కాలంలో తమ ఇంటి ఆడపడుచులనే రంగస్థలం ఎక్కించారు. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు నటులు కావలసి వచ్చినప్పుడు దర్శకుడు హెచ్.ఎం. రెడ్డికి దొరికింది సురభివాళ్లే. అందులో లీలావతి వేషం సురభి కమలాబాయిది.

ఈ చరిత్రలో నా మనసు పట్టుకునేది డబ్బు సంగతి. ఊరి బయట డేరా వేసి, చిన్న టిక్కెట్టు పెట్టి, వచ్చిన దాంతోనే తెరలు రాయించుకుని, దీపాలు కొనుక్కుని, పిల్లాజెల్లా అందరూ తిని, తర్వాతి ఊరికి బండ్లు కట్టేవాళ్లు. మాయాబజార్‌లో లడ్లు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే నోరు తెరుచుకుని చూసినవాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. నాటకం వాళ్ల చిల్లరతోనే బతికింది. కళ డబ్బున్నోళ్ల వ్యవహారమని మా సీమలో ఎవరన్నా అంటే నాకు బాధేస్తుంది.

ఇంటద్దె, పిల్లల ఫీజులు పోను నా చేతిలో మిగిలేది తక్కువే. అయినా నాటకాలకు లోటు లేకుండా బతుకుతున్నాను. తిరునాళ్లకో, దేవర జరిగినప్పుడో చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకం పెడతారు. టిక్కెట్టుండదు. ఊళ్లో చందాలెత్తి నటులకు, హార్మోనియం ఆయనకు, డ్రస్సులకు డబ్బు కడతారు. మనం తీసుకుపోవాల్సింది ఒక దుప్పటి, రాత్రంతా కూర్చునే ఓపిక. పది దాటందే తెర లేవదు. హరిశ్చంద్రుడు కాటికి చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది.

చూడ్డం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. నాకది నేర్పింది పల్లెల్లో పక్కన కూర్చున్న పెద్దలు. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకున్నాడనుకోండి. హార్మోనియం అతని వెంటే పోతుంది, ఒక్కోసారి ఒకడుగు ముందుకేసి దారి చూపుతుంది. నేను తొందరపడి చప్పట్లు కొట్టబోతే ఓ తాత నా చెయ్యి పట్టుకుని, "ఉండు నాయనా, ఇంకా దిగలేదు" అన్నాడు. నిజంగానే ఇంకా దిగలేదు. ఆ గొంతు పైన ఇంకో మలుపు తిరిగి, నింపాదిగా కిందికొచ్చి ఆగింది. అప్పుడు లేచింది జనం.

అప్పుడే చదివింపులు మొదలవుతాయి. ముందు వరసలోంచి ఒకాయన లేచి నోటు అందిస్తాడు. మైకులో ఫలానా ఊరి ఫలానా ఆయన, చంద్రమతి పాత్రధారిణికి ఇంత అని చదువుతారు. ఐదొందలైనా, పదైనా చదివే గొంతు ఒకటే. నేనూ పది ఇస్తాను. ఆ రాత్రికి నాకయ్యే ఖర్చు అది, ఓ రెండు టీలు. తెల్లారాక వేదిక వెనక పట్ట చాటున కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుచుకుంటున్న రాజుగారిని చూస్తే, ఆ పది రూపాయలు ఇంకాస్త పెద్దవైతే బాగుండునని అనిపిస్తుంది. ఆయన మళ్లీ పొద్దున బస్సుకే ఇంటికి పోవాలి.

నాటకాలు లేని నెలల్లో కడప ఉంది. గువ్వలచెరువు ఘాటు దిగితే చాలు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు నా ఒక్కడి ఛార్జీయే లెక్క. సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో ఒక పూట కూర్చోవచ్చు. జీతం డబ్బులు పోసి పండితుల చేత తాళపత్ర గ్రంథాలకు నకళ్లు రాయించిన ఆ దొర బంగళా ఉన్న చోటే అది కట్టారు. అక్కణ్నుంచి ఒంటిమిట్ట దగ్గరే. కోదండరాముడి గుడి మండపంలో స్తంభాల మీది శిల్పాలు చూడ్డానికి ఎండ వాలిన వేళ మేలు. పక్కనుంచి పడే వెలుగులో బొమ్మల ముక్కూమొహం తేటగా కనిపిస్తాయి. మా రాయచోటి వీరభద్రుడి గుడి సరేసరి. శివరాత్రి బ్రహ్మోత్సవాలకు కర్ణాటక నుంచి కూడా భక్తులొచ్చి ఊరు నిండిపోతే, వీధిలో నిలబడ్డమే ఒక పండగ.

నా దిగులల్లా పల్లె నాటకం గురించే. చాలా ఊళ్లలో ఆ రాత్రి ఇప్పుడు రికార్డింగ్ డ్యాన్సుకో డీజేకో పోతోంది. పద్యం నోటికొచ్చిన నటుడు పిలుపు లేక ఇంట్లో కూర్చుంటున్నాడు. ఒక్క ఏడు ఊరు నాటకం మానేస్తే మరుసటి ఏడు హార్మోనియం ఆయన వేరే పని చూసుకుంటాడు. ఆ జత మళ్లీ కుదరదు. అందుకే చందా పుస్తకంతో గడపలోకొచ్చిన కుర్రాళ్లను ముందు ఏం పెడుతున్నారని అడుగుతాను. నాటకమైతే, అనుకున్నదానికి ఇంకో వంద కలిపి రాసుకోమంటాను.