చీట్లపేక చప్పుడు

పేక కట్టని రెండు సగాలు చేసి, బొటనవేళ్ళతో అంచులు వదులుతూ ఒకదాంట్లోకి ఒకటి దిగేలా కలిపితే బుర్రుమని ఓ చప్పుడొస్తుంది. ఏళ్ళ తరబడి అద్దం ముందు కూర్చుని సంపాదించుకున్న చప్పుడది. ఎంత గోలలో ఉన్నా జనం తలెత్తి చూస్తారు. ఆ సాయంత్రం పెదకాకానిలో మా గుడిలో సెమీ క్రిస్మస్ నాడూ తలెత్తారు. పిల్లలు ముందుకి జరిగారు. మొదటి చాప మీది మామ్మగారు మాత్రం లేచి నిలబడి, నా వంక కాదు, పాస్టరు అయ్యగారి వంక చూసి, "గుడిలో పేకేంటయ్యా?" అంది.

నేను చిన్నప్పుడు సండేస్కూల్లో కూర్చున్న గుడే అది. పేక జేబులో పెట్టేసి తాళ్ళు తీశాను. మూడు తాళ్ళు ఒక్క తాడయ్యాయి, అయ్యగారు దాన్ని త్రిత్వానికి ముడేసి రెండు ముక్కలు మాట్లాడారు, కార్యక్రమం గట్టెక్కింది. నాకు మాత్రం లోపల ఉక్రోషం. ఈ ఊళ్ళో మల్లేశ్వరస్వామి గుడికి పొంగళ్ళకొచ్చిన బంధువుల ముందు పేక మేజిక్ చేశాను, బాజీబాబా దర్గాకి వెళ్ళొచ్చిన స్నేహితుల ఇంట్లో చేశాను, ఎవరూ కాదనలేదు. మనవాళ్ళకే ఎందుకింత పట్టింపు అనుకున్నాను.

కేకు, టీ ఇచ్చేటప్పుడు మామ్మగారే పిలిచింది. "వాక్యంలో ఏం రాసుందో నాకంత తెలవదు బాబూ. నాకా చప్పుడు పడదు." పత్తి డబ్బు చేతికొచ్చే రోజుల్లో ఆమె భర్త కొట్ల వెనక ఆడేవాడట. చంకన పిల్లనేసుకుని గోడ ఇవతల నిలబడేదట ఈమె. "బుర్రుమంటే ఇంకో ఆట మొదలైనట్టు. సద్దుమణిగితే డబ్బులైపోయినట్టు."

రమ్మీలో నైపుణ్యమే ముఖ్యమని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులోనే. గోడ ఇవతల నిలబడినవాళ్ళకి ఆ తీర్పుతో పనిలేదు. 2020లో మన ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈమే. ఫోన్లో ఆడితే ఆ చప్పుడు కూడా వినపడదు కదా.

మామ్మగారి మాట వినేదాకా అభ్యంతరమంటే వాక్యాల గొడవే అనుకునేవాణ్ణి. నిజానికి వాక్యంతో వాదించడానికి నా దగ్గర సరుకుంది. పేకకి మన పాత పేరు చీట్లపేక. యూదా స్థానంలో మత్తీయని అపొస్తలుడిగా తీసుకున్నది చీట్లు వేసే. సిలువ కింద సైనికులు యేసు అంగీ కోసం వేసుకున్నవీ చీట్లే. ఒకే పని, ఒకే మాట. ఒకటి ప్రార్థన చేసి వేసింది, ఇంకోటి దోపుడుసొమ్ము పంచుకోడానికి వేసింది. ఇంకో తమాషా, మన కళావరు డచ్చివాళ్ళ క్లావర్, తురుపు వాళ్ళ త్రూఫ్. గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842లో. డచ్చివాళ్ళు బందరు రేవులో కొట్లు పెట్టింది అంతకి రెండొందల ఏళ్ళ పైచిలుకు ముందు. అంటే ఈ ప్రాంతానికి ప్రొటెస్టంటు బైబిలు కంటే ప్రొటెస్టంటుల పేకే ముందొచ్చి ఉండాలి! ఈ మాట అయ్యగారితో అంటే నవ్వారు గానీ, ఆయన ముఖం చూసి మళ్ళీ ఎక్కడా అనలేదు.

"ముక్కలు మార్చకూడదా? వాక్యాల కార్డులతో చెయ్యండి" అన్నారాయన. కొత్త ఆలోచనేం కాదు. 1423లో బొలోన్యాలో బెర్నార్డినో అనే సన్యాసి పేకాట మీద ప్రసంగించి ముక్కలు తగలబెట్టిస్తే, మా పొట్టకొట్టావని వాటిని గీసే చిత్రకారుడొకడు మొర పెట్టుకున్నాడట. ఇకనించి ఇది గీసుకో అని యేసు నామపు అక్షరాలు గీసిచ్చాడట ఆయన. అమెరికాలో 1906లో పార్కర్ బ్రదర్స్ వాళ్ళు రాజూ రాణీ జాకీ లేకుండా ఉత్త అంకెలతో రూక్ అనే పేక అమ్మారు. పేక ముట్టని భక్తుల ఇళ్ళలో బ్రహ్మాండంగా ఆడారు. చర్చిలో పేకతో దొరికిన సిపాయి ఇచ్చుకున్న సంజాయిషీ కథ సరేసరి. యాభై రెండు ముక్కలు ఏడాదిలో వారాలు, పన్నెండు బొమ్మలు నెలలు, జాకీ పదకొండు, రాణి పన్నెండు, రాజు పదమూడు చొప్పున కట్టంతా కూడితే 364, జోకరు ఒకటి కలిపితే సంవత్సరం. బొంకులో ఎంత లెక్క!

సరే, నేనూ చేయించాను. అరండల్‌పేటలో ఓ ప్రెస్సులో యాభై రెండు వాక్యాలు, పేక సైజులో, గుండ్రటి మూలలతో. డిసెంబరు 31 రాత్రి పళ్ళెంలో పెట్టి తీయించే వాగ్దానపు కార్డుల్లాగే కుదిరాయి. ఎవరికీ అభ్యంతరం లేదు. మామ్మగారు కూడా "ఇది బాగుంది" అంది.

మా మేజిక్ వాళ్ళలో ఫోర్స్ అనే పని ఒకటుంది. మీకు నచ్చిన ముక్క తీసుకోమని కట్ట విప్పి చాపుతాం. మీరే ఎంచుకున్నామనుకుంటారు. మీ చేతికొచ్చేది మేం అనుకున్న ముక్కే. ఓ కూటంలో ఒకమ్మాయి లేచి ఒకటి తీసుకుంది. స్వస్థత గురించిన వాక్యం. అదే వాక్యం రాసి ముందే పెట్టిన కవరు పెద్దాయన చేత చింపించాను. ఆ వాక్యాన్ని నేనెందుకు ఎంచుకున్నానంటే, చదివితే నాలుగు మాటల్లో అయిపోతుంది, వెనక వరసకి కూడా వినపడుతుంది. అంతే.

చప్పట్లు రాలేదు. "హల్లెలూయా" అన్నారు. ఆ అమ్మాయి ఏడుస్తోంది. వాళ్ళాయనకి వచ్చే వారం ఆపరేషనట. కార్డు కళ్ళకద్దుకుని, "ఇది నేనుంచుకోవచ్చా అన్నా?" అంది.

ఏమనను? ఇది నేను తోసిన కార్డమ్మా అననా? ఉంచుకోమన్నాను.

మన తెలుగు బైబిల్లో సమరయలోని సీమోను చేసినదానికి వాడిన మాట గారడీ. ఆ మాట పక్కన సైకాలజీ అనే మాట నిలబెట్టడానికి మెజీషియన్ బి.వి. పట్టాభిరామ్ గారికి ఓ జీవితకాలం పట్టింది. చిన్నప్పటి నుంచి ఆ అధ్యాయం వింటూనే ఉన్నాను, మనల్నే తిడుతున్నారని చిన్నబుచ్చుకుంటూనే ఉన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ చదివితే వేరే చోట తగిలింది. జనం అతను చేసింది చూసి దేవుడి శక్తే అనుకున్నారు. అతను కాదనలేదు.

ఇస్పేటు ఆసు దేవుడు పంపించాడని ఎవరూ కళ్ళకద్దుకోరు. రాజు తలకిందులుగా లేస్తే నవ్వుతారు, ఎలా చేశావురా అంటారు. మోసమని ఇద్దరికీ తెలిసిన మోసం. పరిశుద్ధం చేద్దామని ముక్క మార్చాను, నవ్వు పోయి నమ్మకం వచ్చి కూర్చుంది. ఆ కట్ట బీరువాలో ఉంది, యాభై ఒక్క కార్డులతో. ఆ అమ్మాయి వాళ్ళాయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ కబురు విని సంతోషపడ్డానో భయపడ్డానో నాకే తెలియలేదు.

ఇప్పుడు గుళ్ళలో తాడూ రుమాలే. పేక సంగతి అడిగితే, ఎందుకు తీయనో చెబుతాను, కొందరికి నచ్చదు.

మొన్నీమధ్య మామ్మగారింటికి వెళ్ళాను. అరుగు మీద కల్లాల నించొచ్చిన మిరపకాయలకి తొడాలు తీస్తోంది. మనవడు నా జేబులో కట్ట చూసేసి ఒక్కటి, ఒక్కటి అని పట్టుకున్నాడు. నేను ఆమె వంక చూశాను. "ఇది గుడి కాదుగా, చూపించు. కలపమాకు మరి" అంది.

కలపలేదు. కట్ట ఆమె ముందు పెట్టాను. కొంగుకి చేతులు తుడుచుకుని తీసుకుంది. ముక్క ఎంచుకోమన్నా ఎంచుకోదే! బొటనవేలు తడిచేసుకుంటూ ఒక్కొక్కటే నేల మీద పెడుతూ, మొత్తం యాభై రెండూ ఉన్నాయో లేదో ముందు లెక్కపెట్టింది.